ఆరోగ్య విషయములు: పంచెమీది మరక

గిద్దలూరు దాపున నున్న యొక పల్లెనుండి మా పాఠకురాలగు నొక సోదరి వ్రాసిన జాబు మాకు చేరినది. తన పేరు ప్రకటింపవలదని ఆమె కోరినది. ఆమె మామగారికి అరువదియెనిమిదేండ్లు. సంక్రాంతి దినములలో ఒకనాడు ఆయన విడిచిన పంచెను ఉదుకుచుండగా దానిపై ఎఱ్ఱని మరక ఆమె కంటబడినది. మామగారిని అడుగుటకు నోరు రాలేదు. అత్తగారితో చెప్పగా, "వేడి చేసియుండును" అని సబ్జాగింజలు నానవేసి యిచ్చిరట. రెండు దినములలో మరక పోయినది. ఇంటిల్లిపాదియు మరచిరి. వినాయకచవితినాటికి అది మరల వచ్చినది. ఈసారి నెత్తురు గడ్డలు అడ్డుపడి మూత్రము కట్టినది. పట్టణములోని పెద్దాసుపత్రికి తీసికొనిపోగా మూత్రాశయములో రాచపుండు, అనగా కేన్సరు, పెరిగి గోడలోనికి దిగినదని వైద్యులు చెప్పిరి.

ఆ సోదరి మమ్ము అడిగిన ప్రశ్నలు రెండు. "మామగారి వార్డులో మార్కాపురము, కంభము, కనిగిరి వైపు వారు పలువురు కనబడినారు. అందఱికిని మూత్రసంబంధమైన జబ్బులే. ఇది మా నీటి దోషమా?" అనునది మొదటిది. "సంక్రాంతినాడే నేను గట్టిగా చెప్పియుండినచో ఆయనకు మేలు కలిగెడిదా?" అనునది రెండవది. ఈ నెల మా పుటను ఈ రెండు ప్రశ్నలకే కేటాయించితిమి.

మొదట నీటి సంగతి విచారింతము. ఆ సోదరి అనుమానము నిరాధారమైనది కాదు. పశ్చిమ ప్రకాశమని మనము పిలుచు ప్రాంతములో మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు మునుపు కర్నూలు జిల్లాలోనివి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నియు అందులో చేరినవి; 1972లో దానికి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. వాన తక్కువ, రాయి యెక్కువ యైన ఈ సీమలో బావి యెంత లోతు త్రవ్విన, బోరు ఎంత దింపిన, నీటిలో ఫ్లోరైడు అంత హెచ్చుగా కనబడు గ్రామములు చాల గలవు. మన దేశములో ఫ్లోరోసిస్ వ్యాధిని మనుష్యులయందు గుర్తించి 1937లో ప్రకటించిన వైద్యుల పరిశోధన నాటి నెల్లూరు జిల్లా గ్రామములలోనిదే. త్రాగు నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లిగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నియమము. మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, నడుము, మెడ బిగిసిపోవును, ఎముకలు వంగును.

అయితే ఫ్లోరైడు పండ్లకును ఎముకలకును చేయు చెఱుపు వేరు, రాచపుండు వేరు. ఫ్లోరైడు నీటివలన మూత్రాశయ కేన్సరు వచ్చునని శాస్త్రజ్ఞులు నిర్ధారింపలేదు. మూత్రాశయ కేన్సరుకు నీటిద్వారా కారణమగునని తేలినది ఆర్సెనిక్ అను పాషాణము. తైవాను ద్వీపపు నైరృతి తీరమునను, దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఉత్తర భాగమునను అట్టి నీరు త్రాగిన ప్రజలలో ఈ వ్యాధి మిక్కుటముగా కనబడినది. మన పడమటి తాలూకాలను పట్టి పీడించుచున్నది ఆ పాషాణము కాదు, ఫ్లోరైడు. కొన్ని పల్లెలలో మూత్రపిండములు మెల్లగా చెడిపోయి, యంత్రముచేత నెత్తురు శుద్ధి చేయించుకొనవలసి వచ్చు జబ్బు కూడ కలదు. అదియు కేన్సరు కాదు. మూడు జబ్బులు ఒకే సీమలో ఉన్నంతమాత్రమున మూడింటికిని ఒకే మూలమని తలపరాదు. మార్కాపురపు పలకల పరిశ్రమలోని రాతిదుమ్మును గూర్చియు కొందఱు అడుగుచుందురు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు గొప్ప చేటు. కూలికి పోవువారు ముక్కునకును నోటికిని గుడ్డ కట్టుకొనక తప్పదు. మూత్రాశయమునకు వచ్చు పుండును దానిపై మోపుటకు మాత్రము ఆధారము లేదు.

మరి వార్డునిండ ఆ వైపువారే కనబడుట యేల? ఇచట కొంచెము ఆలోచింపవలెను. మూత్రరోగములకు శస్త్రచికిత్స చేయు నిపుణులు పెద్ద పట్టణములలోనే ఉందురు. గుంటూరు–నంద్యాల రైలుమార్గముపై మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషనులు వరుసగా నున్నవి. ఇటు పోయిన గుంటూరు, అటు పోయిన నంద్యాలమీదుగా కర్నూలు. నూఱు పల్లెలలో చెదరియున్న రోగులు ఒక వార్డులోనికి చేరినప్పుడు, ఆ నూఱు పల్లెలను చూడని మనకు అది ఒక మహమ్మారివలె తోచును. తిరునాళ్ళలో గుమికూడిన జనమును చూచి ఊరిజనాభాను లెక్కకట్టవచ్చునా? ఆసుపత్రి లెక్కయు అట్టిదే. అక్కడికి వచ్చినవారెవరో అది చెప్పును గాని, రానివారిని గూర్చి ఏమియు చెప్పదు.

రానివారెవరు? ధనము గలవారు నేరుగా హైదరాబాదునకో, చెన్నపట్టణమునకో పోవుదురు. కాటికి కాళ్ళు చాచినవానికి ఇంకేమి వైద్యమని వృద్ధులను ఇంటనే ఉంచుదురు. తోడు వచ్చువారు లేక, కూలి పోవునని వెరచి, స్త్రీలు రారు. కావున ఒక ప్రాంతమున ఏ జబ్బు ఎంత కలదో తెలియుటకు ఆసుపత్రి పుస్తకములు చాలవు. ఒక ప్రదేశములోని జనులందఱిలో ఆ యేట క్రొత్తగా ఎందఱికి జబ్బు వచ్చినదో, ఏ ఆసుపత్రికి పోయినను సరే, వెదకి వ్రాసికొనవలెను. అట్టి జాతీయ కేన్సరు నమోదు కార్యక్రమమును భారత వైద్య పరిశోధన మండలి 1981లో ఆరంభించినది.

అట్లని ఆసుపత్రి పుస్తకము పనికిరానిది కాదు. వచ్చినవారు ఎంత ఆలస్యముగా వచ్చిరో, వారికి ఏ యలవాట్లు ఉండెనో అది చక్కగా చెప్పును. మన దేశపు ఆసుపత్రులలో మూత్రమార్గపు కేన్సరుతో చేరువారిని పరిశీలించినచో కొన్ని పోలికలు మరల మరల కనబడును. పురుషులు హెచ్చు, స్త్రీలు తక్కువ. ఏబది, అరువది దాటినవారు అధికము. మూత్రాశయపు రోగులలో పొగ త్రాగినవారు మెండు. మరియు ముదిరిన తరువాత వచ్చువారే యెక్కువ. 2020వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 5,73,000 మందికి మూత్రాశయ కేన్సరు క్రొత్తగా వచ్చినదని అంచనా. వారిలో సుమారు 4,40,000 మంది పురుషులు.

పొగకును మూత్రాశయమునకును సంబంధమేమని అడుగుదురు. పొగ పోవునది రొమ్ములోనికి గదా! వినుడు. పొగలోని విషములు ఊపిరితిత్తులనుండి నెత్తురులో కలియును. నెత్తురును వడగట్టునవి మూత్రపిండములు. అవి ఆ విషములను ఏరి మూత్రములోనికి పంపును. ఆ మూత్రము గంటలకొలది మూత్రాశయములో నిలువ ఉండును. మన పెరటిలోని కుడితితొట్టిని చూడుడు. వంటయింటి కడుగులన్నియు అందులో చేరి నిలుచును. ఏండ్లు గడచినకొలది తొట్టిగోడకు మచ్చ పట్టును. మూత్రాశయపు లోపలిపొర స్థితియు అట్టిదే. 1895లో జర్మనీ దేశమున రేన్ అను శస్త్రవైద్యుడు రంగుల కర్మాగారములో పనిచేయువారికి ఈ వ్యాధి వచ్చుట గమనించి ప్రకటించెను. ఆ రంగుల తయారీలో వాడెడి కొన్ని రసాయనముల జాతివే పొగాకు పొగలోను ఉన్నవని తరువాత తెలిసినది. ఈనాడు మూత్రాశయ కేన్సరు రోగులలో ఇంచుమించు సగము మందికి పొగయే కారణమని వైద్యులు చెప్పుచున్నారు.

ఇది మన పడమటి సీమకు చేదైన మాట. పొదిలి, కనిగిరి వైపున పొగాకు రొక్కపు పంట. ఆ ఊళ్ళలో వేలము కేంద్రములు గలవు. అప్పు తీరుటయు, ఆడపిల్ల పెండ్లి జరుగుటయు ఆ యేటి వేలపు ధరనుబట్టియే. కర్రలకు ఆకు నల్లి కూలి తెచ్చుకొను స్త్రీలు ఆ చేతులతోనే భర్త నోటి చుట్టను తీసివేయవలసి వచ్చుచున్నది. పంట మానుట ఒక యింటివారి వలన నగు పని కాదని మాకు తెలియును. ఇంటిలో కాల్చుట మాన్పించుట మాత్రము ఇంటివారి వలననే కావలెను. ముప్పదియేండ్లు కాల్చినవాడైనను మానిన నాటినుండి అపాయము తగ్గుచు వచ్చును. ఇక మానిన నేమని ఎన్నడును అనరాదు.

నీరు తక్కువ త్రాగుటయు మంచిది కాదు. ఎండలో పనిచేసి, ఉప్పునీళ్ళని వెగటుపడి, దప్పికను అణచుకొనువారికి మూత్రములో రాళ్ళు ఏర్పడును. ఏండ్లతరబడి మూత్రాశయములో నిలిచిన రాయి ఒరసి ఒరసి పుండై, ఒక్కొక్కప్పుడు కేన్సరుగా మారుట కలదు.

ఇక మా సోదరి రెండవ ప్రశ్నకు వత్తుము. సంక్రాంతినాడు చెప్పియుండినచో మేలు కలిగెడిదా? బహుశః కలిగెడిదే. కాని అమ్మా, ఆ మరక నీవు దాచినది కాదు, అత్తగారితో చెప్పితివి. మరక పోయినది గనుక జబ్బు పోయినదని అందఱును తలచిరి. ఈ వ్యాధి చేయు మోసమే అది. మూత్రాశయ కేన్సరులో మొదట పడు నెత్తురు నొప్పి లేకుండ పడును. ఒకనాడు పడి నెలలకొలది ఆగును. సబ్జాగింజలు త్రాగినను ఆగును, త్రాగకున్నను ఆగును. ఆగినప్పుడు ఏ మందు వాడితిమో దాని గుణమేయని మనము మురియుదుము. లోపల పుండు తన పని తాను చేసికొనుచుండును.

కావున మా పాఠకురాండ్రందఱును ఒక మాట గుర్తుంచుకొనవలెను. మూత్రములో నెత్తురు ఒక్కసారి కనబడినను, నొప్పి లేకున్నను, మరునాటికి ఆగిపోయినను, వైద్యునికి చూపింపవలసినదే. బీటుగడ్డ తినుటవలనను, కొన్ని మందులవలనను మూత్రము ఎఱ్ఱబడవచ్చును. రాళ్ళవలనను, సామాన్యమైన చీమువలనను నెత్తురు పడవచ్చును. నెత్తురు పడినవారందఱికిని కేన్సరు ఉండదు. ఉన్నదో లేదో తేల్చుటకే పరీక్ష. మూత్రపరీక్ష, కడుపు స్కానింగు, అవసరమైనచో దీపముగల సన్నని గొట్టముతో మూత్రాశయము లోపలి భాగమును చూచుట, ఇవియే ఆ పరీక్షలు.

పొరమీదనే ఉన్నప్పుడు కనిపెట్టినచో పొట్ట కోయకుండగనే మూత్రమార్గముగుండ ఆ గడ్డను గీకి తీసివేయుదురు. అటుపిమ్మట మరల రాకుండ మూత్రాశయములోనికి ఒక మందు ఎక్కింతురు. ఆ మందు మీ రెఱుగనిది కాదు. చంటిబిడ్డలకు క్షయ రాకుండ భుజమునకు వేయించు బి.సి.జి. టీకామందే అది! 1976లో కెనడా దేశపు వైద్యుడు మొరాలెస్ ఈ ఉపయోగమును లోకమునకు తెలిపెను. పుండు గోడలోనికి దిగినప్పుడు చికిత్స కష్టమగును. మూత్రాశయమునే తీసివేయవలసి రావచ్చును, లేదా మందులును కిరణచికిత్సయు కలిపి ఇత్తురు. 1985లో ప్రకటితమై ప్రసిద్ధికెక్కిన నాలుగు మందుల చికిత్సలో మొదటిది మెథోట్రెక్సేటు. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో పరిశోధనలు సల్పి, 1948లో అచటనే కన్నుమూసిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కనిపెట్టిన మందులలో అదియొకటి. కావున ముదిరినదని వినినంతనే నిరాశపడరాదు. మా సోదరి మామగారికి చికిత్స ఇంకను కలదు.

గడ్డ గీకించుకొని ఇంటికి వచ్చినవారు మరల పరీక్షకు పోవుట మానరాదు. ఇది తీసినచోటనో, మరియొకచోటనో మరల మొలచు స్వభావము గల జబ్బు. మొదట మూడు నెలలకొకసారి చూపించుకొనవలెను. బాగుగనే ఉన్నాను గదా, చార్జీలు దండుగయని వృద్ధులు మొండికెత్తుదురు. ఆ తేదీలను గోడమీది పంచాంగములో గుర్తుపెట్టుట గృహిణి పని.

మూత్రాశయముతో పాటు తెలియదగినవి మరి కొన్ని గలవు. వృద్ధులకు ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము సన్నగా వచ్చుట, రాత్రి పలుమార్లు లేచుట సామాన్యము. అందులో ఎక్కువ భాగము కేన్సరు కానిదే. కొందఱికి మాత్రము కేన్సరు. అది నడుమెముకలకు ప్రాకును. పశ్చిమ తాలూకాలలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఇచటనే ఉన్నది. ముసలివాడు నడుము నొప్పియన్నచో "మన నీళ్ళ నొప్పియే" అని ఊరందఱును తేల్చివేయుదురు. ఫ్లోరోసిస్ ముదిరినను ఎక్స్‌రే పటములో ఎముకలు మిక్కిలి తెల్లగా కనబడును. ప్రోస్టేటు కేన్సరు ప్రాకినను తెల్లగనే కనబడును. వైద్యులు సైతము జాగ్రత్తగా చూడవలసిన విషయమిది. కావున పాతనొప్పి హెచ్చి రాత్రులు నిద్ర పట్టనీయకున్నను, చిక్కిపోవుచున్నను, మూత్రపు ఇబ్బంది కూడ ఉన్నను, ఆ సంగతులన్నియు కలిపి వైద్యునికి చెప్పవలెను. పి.ఎస్.ఎ. అను నెత్తురు పరీక్ష దారి చూపును. కాళ్ళలో పట్టు తప్పినచో ఒక్కదినమైనను ఆగరాదు.

స్త్రీలకు మూత్రాశయ కేన్సరు తక్కువగా వచ్చునుగాని, వచ్చినప్పుడు ఆలస్యముగా బయటపడును. నెత్తురు కనబడినచో ముట్టు అనుకొందురు. మంటయన్నచో చీమని మందుబిళ్ళలు మ్రింగుదురు. ముట్లుడిగిన తరువాత ఏ నెత్తురు కనబడినను, అది గర్భాశయమునుండి వచ్చినను మూత్రమునుండి వచ్చినను, పరీక్ష చేయించుకొనవలసినదే. మూడుమార్లు మందుబిళ్ళలు వాడినను తగ్గని మంటను నాలుగవమారు అంగడి బిళ్ళలతో అణచరాదు.

బిడ్డల తల్లులకు మూడు మాటలు. మగశిశువునకు ఆరు నెలలు నిండినను వృషణము సంచిలోనికి దిగకున్నచో శస్త్రవైద్యునికి చూపుడు. అట్లే విడిచినచో పెద్దవాడైన పిమ్మట అందు కేన్సరు వచ్చు అవకాశము హెచ్చు. బాలురకు స్నానసమయమున గుప్తాంగమును శుభ్రముగా కడుగుకొనుట నేర్పుడు. ముందరి చర్మము వెనుకకు రాని స్థితి పెద్దవాడైనను అట్లే యుండినచో వైద్యుని అడుగుడు. లోకములో ఏటేట సుమారు 36,000 మంది పురుషులకు వచ్చు ఆ యవయవపు కేన్సరులో నాలుగవ వంతుకు మించి మన దేశములోనిదే. శుభ్రత లేమి, పొగ, ఒక విధమగు అంటుక్రిమి దానికి హేతువులు. ఆ క్రిమియే స్త్రీలకు గర్భాశయ ముఖమున కేన్సరు కలిగించునది. మూడవ మాట: మూడు నాలుగేండ్ల బిడ్డకు నలుగు పెట్టి నీళ్ళు పోయునపుడు పొట్టలో ఒక ప్రక్క గట్టిగా గడ్డ చేతికి తగిలినచో, బల్లయని మంత్రము వేయింపక, పదే పదే నొక్కి చూడక, వెంటనే ఆసుపత్రికి పొండు. బిడ్డల మూత్రపిండమునకు వచ్చు విల్మ్స్ గడ్డ అనునది తరచుగా మొదట తల్లి చేతికే తగులును. సకాలములో చికిత్స చేసినచో అత్యధికులు బ్రతుకుదురు.

ఖర్చును తలచుకొని వెనుదీయకుడు. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై, నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్న ప్రభుత్వ పథకమున కేన్సరు చికిత్సలు చేరియున్నవి. బయలుదేరునపుడు ఆధారుకార్డు, రేషనుకార్డు, పాత చీటీలన్నియు ఒక సంచిలో పెట్టుకొనుడు. రోగి ఎన్నేండ్లుగా ఏమి కాల్చెను, ఏ పని చేసెను, నెత్తురు మొట్టమొదట ఏనాడు కనబడెనను సంగతులు కాగితముపై వ్రాసికొని పొండు. పంటిబాధకు పోయినట్లు ఒంటరిగా పంపక, చదువు వచ్చినవారొకరు తోడు పోవలెను.

మామగారితో ఈ మాట యెట్లనవలెను అందురేమో. అత్తగారితో అనుడు, ఆమె కొట్టివేసినచో భర్తతో అనుడు, ఆయనయు వినకున్నచో ఊరి ఆశా కార్యకర్తతోనో, నర్సమ్మతోనో చెప్పుడు. ఇంటిలో బట్టలుదుకు చేతికి తెలియు సంగతులు కొన్ని ఏ వైద్యునికిని ముందుగా తెలియవు. మర్యాదయని ఆ సంగతిని సబ్బునీటిలో కడిగివేయకుడు. ఉదికిన పంచె ఆరువేళకు ఆ మాట ఎవరో ఒకరి చెవిని పడియుండవలెను.

గిద్దలూరు సోదరికి మా ఆశీస్సులు. నీ జాబును ఇట్లు పదుగురికి వినిపించుటకు నీవు సమ్మతించుట గొప్ప ఉపకారము. మామగారి తదుపరి పరీక్ష తేదీని మరువకుము. అందలి ఫలితమును మాకు తప్పక వ్రాయుము.